పాతికేళ్ళ పాత్ర

అగాథా క్రిస్టీ నవలలు చదివిన పాఠకులకు బెల్జియం డిటెక్టివ్ హెర్క్యూల్ పాయిరో సుపరిచితుడే. ఆ పాత్రకు బ్రిటిష్ టెలివిజన్‌లో ప్రాణం పోసిన నటుడు డేవిడ్ సూషే. 1946లో లండన్‌లో జన్మించిన ఆయన రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ నాటకాలలో రాటుదేలారు. 1985లో పీటర్ ఉస్తినోవ్ పాయిరోగా నటించిన చిత్రంలో సూషే ధరించినది ఇన్‌స్పెక్టర్ జాప్ పాత్ర. కొన్నేళ్ళకు ప్రధాన పాత్రే ఆయనను వరించింది.

అప్పుడాయన మూలకథలను శ్రద్ధగా చదివి, పాయిరో అలవాట్లను 93 అంశాలుగా రాసుకున్నారు. కాఫీలో ఎన్ని చక్కెర బిళ్ళలు వేసుకుంటాడన్నదీ వాటిలో ఉంది. 1989 నుండి 2013 వరకు 70 భాగాలు ప్రసారమయ్యాయి. ఏళ్ళ తరబడి ఒకే పని చేసే మనవంటి ఉద్యోగులకు తెలుసు, చేయి తిరిగిన కొద్దీ ఏమరుపాటు కూడా పెరుగుతుందని. సూషే దానికి చోటివ్వలేదు.

చివరి కథలో పాయిరో మరణిస్తాడు. ఆ ఘట్టంతో పాత్రకు వీడ్కోలు పలకడానికి సూషేకు మనసొప్పలేదు. అందువల్ల ఆ కథను ముందుగానే చిత్రీకరించారు. ఆఖరి చిత్రీకరణ డెవాన్‌లోని గ్రీన్‌వేలో, క్రిస్టీ సొంత విడిది వద్ద జరిగింది. పాత్రను సజీవంగా, దానిని సృష్టించిన రచయిత్రి ముంగిటనే అప్పగించి ఆయన సెలవు తీసుకున్నారు. ఏ ఉద్యోగికైనా అంతకన్న నిండైన పదవీ విరమణ ఏముంటుంది?