కొట్టు లెక్కలో మా ఇంటి వస్తువు

మా బావమరిది ఉదారుడు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. తీరా ఒప్పుకున్నాక ఈ చిక్కు వచ్చిపడింది.

అతనికి తెనాలిలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉంది. 2024 జూన్‌లో మా అమ్మాయికి ఓ ల్యాప్‌టాప్ కొనితెచ్చి ఇచ్చాడు. మా ఆవిడ మొహం వారం రోజులు వెలిగిపోయింది. లెక్చరరు జీతంతో అంత వస్తువు కొనడానికి నేను ఇంకో ఏడాది వెనకాముందూ ఆడేవాణ్ణే సుమండీ.

మర్నాటి వేసవిలో దాని మీటలు రెండు పనిచెయ్యడం మానేశాయి. రిపేరువాళ్ళు బిల్లు తెమ్మన్నారు. తీసి చూద్దును గదా, బిల్లు కొట్టు పేరన ఉంది! ఖరీదు 60,000, పైన 18 శాతం జీఎస్టీ 10,800. ఆ పన్నంతా అతను అప్పుడే తిరిగి జమ పట్టేసుకున్నాడు. ఇక ఆదాయపు పన్ను లెక్కలో తరుగుదల వ్రాసుకోవడమే తరువాయి.

"దానికేమిటి బావా! అమ్మాయి ఆదివారాలు మా బిల్లులు ఎక్కిస్తోందిగా. కొట్టు పనే కదా!" అన్నాడు ఫోనులో. ఆ మాట నిజమే. మా పిల్ల మావయ్య కోసం ఆదివారం ఓ ఆరు గంటలు కూర్చుంటుంది. అంతటితో ఆగితే బాగుండేది. "ఎందుకైనా మంచిది, అది పూర్తిగా కొట్టు పనికే వాడుతున్నారని నాలుగు ముక్కలు వ్రాసి సంతకం పెట్టివ్వు," అన్నాడు.

పెట్టనన్నాను. అతను ఫోను పెట్టేశాడు. మా ఆవిడ ఆ రాత్రి అన్నం వడ్డించి, మాట్లాడకుండా వెళ్ళి పడుకుంది.

చివరికి ఇద్దరం కలిసి వాళ్ళ ఆడిటరు దగ్గరకు వెళ్ళాం. అతను ఒకప్పుడు నా దగ్గర ఇంటర్‌లో తెలుగు చదువుకున్నవాడే. విషయమంతా విని నా వంక తిరిగి, "మాస్టారూ, 'కొట్టు ల్యాప్‌టాప్' ఏ సమాసం?" అన్నాడు.

"షష్ఠీ తత్పురుషం. కొట్టు యొక్క ల్యాప్‌టాప్."

"మీ విషయంలో ద్వంద్వమండీ. కొట్టూ, ఇల్లూ!"

నేను ఇన్నేళ్ళు సమాసాలు చెప్పాను గాని, వాటితో పన్ను లెక్కకట్టవచ్చునని నాకు తట్టలేదు.

అతను చెప్పిన సారం ఇది. ఆ ఏటి లెక్కలు 1961 చట్టం కిందివి. అందులో 38వ సెక్షను ప్రకారం, యంత్రమో ఫర్నిచరో పూర్తిగా వ్యాపారానికే వాడకపోతే, వాడిన మేరకు న్యాయమైన పాలు మాత్రమే ఖర్చుగా దక్కుతుంది. కంప్యూటరుకు ఏడాదికి 40 శాతం తరుగుదల, అంటే 24,000. అమ్మాయి వారంలో తన చదువుకు ముప్ఫై గంటలూ, కొట్టుకు ఆరు గంటలూ వాడితే కొట్టు పాలు ఆరోవంతు, 4,000. జీఎస్టీ జమ కూడా వ్యాపారానికి వాడిన మేరకే చెల్లుతుంది. మిగతాది వడ్డీతో కట్టాలి. తెలిసి తప్పు వ్రాశారని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు జరిమానా.

"మరి మా వీధి చివరి కొట్టాయన కంపెనీ పెట్టి, కారుకారంతా వ్రాసుకున్నాడే!" అన్నాడు మావాడు ఉక్రోషంగా.

ఇక్కడే తమాషా. చట్టం దృష్టిలో కంపెనీ వేరే మనిషి. దానికి ఇల్లూ వాకిలీ లేవు కాబట్టి సొంత వాడకమంటూ ఉండదని గుజరాత్ హైకోర్టు ఓ కేసులో తీర్పు చెప్పింది. అయితే పన్ను ఎగిరిపోదు. కారును సొంతానికి వాడుకున్న డైరెక్టరు చేతిలో అది జీతంతోపాటు వచ్చిన సదుపాయంగా లెక్కకు వస్తుంది. ల్యాప్‌టాపులకు మాత్రం 1962 నాటి రూల్సు ఆ లెక్క నుంచి మినహాయింపు ఇచ్చాయి. మా బావమరిదిది సొంత కొట్టు. అతనూ కొట్టూ ఒకే మనిషి. ఆ మనిషికి మేనకోడలుంది.

ల్యాప్‌టాప్ డబ్బు నేనిచ్చేస్తానన్నాను. ఆ మాటకు అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "ఇచ్చింది ఇచ్చాను బావా. పాలే వ్రాయిస్తాలే," అన్నాడు గోడకేసి చూస్తూ. రిటర్ను అల్లాగే దాఖలైంది. తరువాత రెండు నెలలు మా ఇంటికి రాలేదు. బిల్లులు మాత్రం కొట్టు కుర్రాడితో పంపేవాడు.

మా అమ్మాయి ఓ నోటు పుస్తకం పెట్టింది. కొట్టు పని మొదలెట్టినప్పుడూ ముగించినప్పుడూ టైము వ్రాస్తుంది. మొన్న ఆదివారం వాళ్ళ మావయ్య తనే బిల్లులు పట్టుకొచ్చాడు. పిల్ల పుస్తకం తీసి 9-40 అని వేసింది. మా ఆవిడ పెసరట్లు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. అతను ఓ ముక్క తుంచి, పుస్తకంకేసి చూసి, "అమ్మడూ, ఈ తినేసేపు కొట్టు లెక్కలోకి రాదు. కొట్టెయ్యి," అన్నాడు.