కడపటి పెట్రోలు కారు, కరువవుతున్న తేలికదనం

ఇంగ్లండు తూర్పు తీరాన, నార్ఫోక్ ప్రాంతంలో హెథెల్ అనే చిన్న ఊరున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ ఒక వైమానిక స్థావరం ఉండేది. 1966లో ఆ స్థావరపు ఆవరణలోకి లోటస్ అనే కార్ల సంస్థ తరలివచ్చింది. ఆ సంస్థ 2021 జూలై 6న ‘ఎమీరా’ అనే క్రీడా వాహనాన్ని లోకానికి చూపి, పెట్రోలుతో నడిచే తమ కార్లలో ఇదే కడపటిదని చాటింది. తామరపువ్వు పేరు పెట్టుకొన్న సంస్థ కడపటి పెట్రోలు కారు కోసం రసికులు అనేక దేశాలలో నిరీక్షించారు. మన ఆక్లాండ్ నగరంలోనూ అటువంటివారు లేకపోలేదు.

పెట్రోలు వాసన గిట్టనివారు దీనిని ధనికుల వినోదమని తోసిపుచ్చవచ్చును. క్వీన్ వీధిలో ఎంతటి వేగవాహనమైనా మన పాదచారులతో సమానంగా కదలవలసినదే గదా అని నవ్వవచ్చును. నగర కేంద్రపు వీధులలో వేగపరిమితిని 2020లో గంటకు 30 కిలోమీటర్లకు తగ్గించారు. నాలుగు వందల అశ్వశక్తులు అక్కడ ఎందుకు కొరగాని ఐశ్వర్యమే. అయినా ఈ కడపటి కారు విషయం విజ్ఞాన విభాగంలో చర్చింపదగినదని నా అభిప్రాయం. వీడ్కోలు పలుకుతున్నవారు ఒకదాని కొరకు విలపిస్తూ ఉండగా, నిజంగా పోతున్నది మరొకటి.

వారు విలపిస్తున్నది ఇంజను ధ్వని కొరకు. ఎమీరాలో అమర్చిన రెండు ఇంజన్లలో ఒక్కటి కూడా లోటస్ వారు స్వయంగా చేసినది కాదు. మొదటిది టొయోటా వారి మూడున్నర లీటర్ల ఆరు సిలిండర్ల యంత్రం, గాలిని బలవంతంగా లోనికి నెట్టే సూపర్‌చార్జర్ తోడుగా గలది. రెండవది మెర్సిడెస్ ఏ.ఎం.జి. వారి రెండు లీటర్ల యంత్రం. టొయోటా ఇంజను కుటుంబానికే చెందిన సోదరులు ఈ దేశంలో ఎన్నో హైలాండర్ కార్లలో పిల్లలను బడికి, పెద్దలను గుడికి చేరవేస్తూ వచ్చాయి. అద్భుతమైన ఆ గర్జన అంతా మూలంలో గృహస్థుల సొత్తే!

మరి లోటస్ ప్రత్యేకత దేనిలో ఉన్నది? తేలికదనంలో ఉన్నది. సంస్థాపకుడు కోలిన్ చాప్‌మన్ 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి, తిరిగి కట్టి, తన మొదటి పందెపు కారును తయారుచేసుకొన్నాడు. ముందు సరళం చేయాలి, ఆపై తేలిక చేయాలి అన్నది ఆయన సూత్రంగా ప్రసిద్ధి పొందింది. వింత ఏమంటే, మన ఆక్లాండ్‌లో 1937లో జన్మించిన బ్రూస్ మెక్‌లారెన్ కూడా రెమ్యువేరాలోని తండ్రి గారి గరాజులో ఆస్టిన్ సెవెన్ కారుతోనే ఓనమాలు దిద్దుకొన్నాడు. 1959లో, ఇరువది రెండేండ్ల వయస్సులో, ప్రపంచ స్థాయి ఫార్ములా వన్ పందెంలో గెలిచాడు. 1963లో తన పేరిట పందెపు సంస్థను స్థాపించి, 1970లో ఇంగ్లండులోని గుడ్‌వుడ్ పందెపు బాటపై తన సంస్థ కారునే పరీక్షిస్తూ మరణించాడు. సముద్రాలకు ఈవల ఒకరు, ఆవల ఒకరు, ఒకే చిన్న కారు ఒడిలో అక్షరాభ్యాసం చేసిన సహాధ్యాయులన్నమాట. లోటస్ సెవెన్ కారును 1970వ దశకంలో క్రైస్ట్‌చర్చ్ నగరంలో స్టీల్ బ్రదర్స్ అనే సంస్థ లైసెన్సుపై నిర్మించిందని కూడా ఇక్కడ జ్ఞాపకం చేయడం ఉచితం. ఈ దేశంలో కార్ల కూర్పు పరిశ్రమ 1998లో దిగుమతి సుంకాల రద్దుతో మూతపడింది. అప్పటినుండి మనం ఏ కారు నడపవలెనో పరదేశాలవారే నిర్ణయిస్తున్నారు.

తేలికదనం అనగా ఏమో అంకెలలో చూస్తే విశదమవుతుంది. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ కారు బరువు సుమారు 725 కిలోలు. అల్యూమినియం దూలాలను ఎపాక్సీ జిగురుతో అతికించి చేసిన దాని అస్థిపంజరం బరువు 70 కిలోలకు లోపే, అంటే ఒక మనిషి బరువు! ఇంజను శక్తి నూట ఇరువది అశ్వాలకు మించదు. అయినా అది మలుపులలో తన కన్నా రెండింతలు శక్తి గల కార్లను వెనుక వేసేది. చలనంలోని శక్తి ద్రవ్యరాశిని అనుసరించి పెరుగుతుందని ఉన్నత పాఠశాలలోనే చదువుకొన్నాం. బరువు సగమైతే, అదే వేగానికి చేర్చడానికి కావలసిన శక్తి సగం, ఆపడానికి కావలసినది సగం, మలుపులో చక్రాలు మోయవలసిన ఒత్తిడి సగం. అప్పుడు చిన్న బ్రేకులు చాలును, సన్నని టైర్లు చాలును. వాటివల్ల బరువు ఇంకా తగ్గుతుంది. ఒక పొదుపు మరొక పొదుపును కంటుంది.

కడపటి పెట్రోలు కారైన ఎమీరా బరువు సుమారు 1,400 కిలోలు. ఎలీజ్‌తో పోల్చితే అప్పటికే రెండింతలు! ప్రమాద రక్షణ నియమాలు, చల్లని గాలి యంత్రాలు, తెరలు, మెత్తని ఆసనాలు కలిసి ఈ స్థూలకాయాన్ని తెచ్చిపెట్టాయి. అదే సంస్థవారి విద్యుద్వాహనం ‘ఎలెట్ర’ బరువు సుమారు రెండున్నర టన్నులు. మూడు ఎలీజ్‌లను త్రాసులో ఒక ప్రక్కన పెట్టినా ఎలెట్ర వైపే ముల్లు మొగ్గుతుంది. ఇందులో చాప్‌మన్ సూత్రం ఎక్కడున్నదో వెదకి చెప్పగలవారు చెప్పవలసినదే.

దీనికి కారణం రసాయన శాస్త్రంలో ఉన్నది. కిలో పెట్రోలులో సుమారు 12 కిలోవాట్ గంటల శక్తి దాగి ఉంటుంది. ఎలెట్రలోని 112 కిలోవాట్ గంటల బ్యాటరీ దాచుకొన్న శక్తి, లెక్కకు, తొమ్మిదిన్నర కిలోల పెట్రోలుకు లోపే, అనగా సుమారు పన్నెండున్నర లీటర్లతో సమానం. ఆ బ్యాటరీ పెట్టె బరువు మాత్రం అరటన్నుకు పైమాట. పెట్రోలు యంత్రం తనకిచ్చిన శక్తిలో పావు వంతు మొదలు మూడవ వంతు వరకే చక్రాలకు చేర్చి, మిగిలినది వేడిగా పారవేస్తుంది. విద్యుత్ మోటారు నూటికి తొంభై పాళ్లు చేర్చగలదు. ఈ సామర్థ్యం వల్లనే విద్యుద్వాహనం బ్రతికి బట్టకట్టింది. కాని పెట్రోలు ఖర్చవుతున్న కొలదీ బండి తేలిక అవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా దాని బరువు తరగదు.

అంతమాత్రాన విద్యుద్వాహనాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. ఈ దేశపు విద్యుత్తులో ఐదింట నాలుగు వంతులకు పైగా నీరు, భూగర్భపు వేడి, గాలి వంటి తరగని వనరుల నుండి వస్తున్నది. మార్స్‌డెన్ పాయింట్ చమురుశుద్ధి కర్మాగారం 2022లో మూతపడడంతో ఇచ్చటి ప్రతి పెట్రోలు చుక్కా పరదేశంలో శుద్ధి అయి రావలసినదే. ఇటువంటి చోట విద్యుత్తును కాదనడం అవివేకం. అదీగాక క్వీన్ వీధికి విద్యుత్తు కొత్త చుట్టం కాదు. 1902 నుండి 1956 వరకు ఆ వీధిలో విద్యుత్ ట్రాములు తిరిగాయి. పిదప నగరంలో ట్రాలీబస్సులు 1980 వరకు నడిచాయి. ట్రాముల పట్టాలు పెరికి డీజిల్ బస్సులను తెచ్చినవారు దానినే పురోగతి అన్నారు. ఏది కడపటిదో, ఏది మొదటిదో చరిత్ర అంత సులువుగా తేల్చదు.

ఈ మాట లోటస్ వారికే అన్వయించి చూడవచ్చును. 2008లో వెలువడిన టెస్లా రోడ్‌స్టర్, ఆధునిక విద్యుత్కార్ల యుగానికి నాంది పలికిన వాహనం, ఎలీజ్ అస్థిపంజరాన్ని ఆధారం చేసుకొని ఆ హెథెల్‌లోనే రూపుదిద్దుకొన్నది. లాప్‌టాప్ కంప్యూటర్లలో వాడే కణాల వంటివి 6,831 అందులో అమర్చారు. కారు తేలిక కనుకనే ఆనాటి బలహీనమైన బ్యాటరీలతో అది పరుగెత్తగలిగింది. విద్యుత్కారుకు మొదటి ఊయల ఊపినది పెట్రోలు కారు నేర్పిన తేలికదనమే! ఆ ఋణం సంగతి నేడెవరూ ఎత్తరు.

ఇక ‘కడపటి’ అన్న మాట ఏమైనది? 2028 నాటికి పూర్తిగా విద్యుత్తుకు మారుతామన్న లోటస్ వారు 2024లో మాట మార్చి, పెట్రోలునూ విద్యుత్తునూ కలిపిన హైబ్రిడ్ వాహనాలు తెస్తామన్నారు. పోర్షె వారు సైతం 718 కారు విషయంలో 2025లో ఇటువంటి పునరాలోచనే చేశారు. సిల్కు దుకాణం ముందు ‘నేడే ఆఖరు’ అన్న పలక ఎన్ని ఏండ్లు వేలాడుతుందో మన బెజవాడ వన్‌టౌన్ ఎరిగినవారికి నేను చెప్పనక్కరలేదు. పరిహాసానికి అందని విషయం ఒకటున్నది. 2025 ఆగస్టులో లోటస్ వారు బ్రిటనులో 550 వరకు ఉద్యోగాలు తగ్గించనున్నట్లు ప్రకటించారు. అల్యూమినియం అతికించే విద్య గ్రంథాలలో కన్న చేతులలో ఎక్కువగా ఉంటుంది. చేతులు చెదిరిపోతే విద్య చెదిరిపోతుంది. నిజంగా కడపటిది ఏదైనా ఉంటే అది ఇదే కాగలదని నా భయం.

మన తెలుగునాట ఈ విద్యకు కొత్త బంధువులున్నారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరం ఒడ్డున మనదేశపు తొలి ఫార్ములా ఈ పందెం జరిగింది. అందులో పరుగెత్తిన విద్యుత్ కార్లు చోదకునితో కలిపి సుమారు 850 కిలోలు మాత్రమే. మరుసటి ఏడు ఆ పందెం రద్దయింది, దాని చుట్టూ రాజకీయం చాలా నడిచింది. అది వేరే కథ. దూరం కొద్దిదైతే బ్యాటరీ చిన్నదై, బండి తేలికై, విద్యుత్తు కూడా చాప్‌మన్ శిష్యురాలు కాగలదని ఆ పందెం చూపింది. పందెం వరకూ పోనక్కరలేదు. భారతదేశంలో అమ్ముడయ్యే విద్యుద్వాహనాలలో అత్యధిక భాగం స్కూటర్లు, ఆటోలే. ఏలూరు రోడ్డులో ముగ్గురిని కూర్చోబెట్టుకొని నిశ్శబ్దంగా సాగిపోయే విద్యుత్ ఆటోయే ఆ మహానుభావుని సూత్రాన్ని రెండున్నర టన్నుల తామరపువ్వు కన్న నిష్ఠగా పాటిస్తున్నదని నా దృఢమైన నమ్మకం.

ఆక్లాండ్ నగరం 2030 నాటికి తనలోని ఒక ప్రధాన ప్రాంతాన్ని వాహన కాలుష్యం లేనిదిగా చేస్తానని 2017లో ఒప్పుకొన్నది. పొగ ఆగుతుంది, మంచిదే. కాని టైర్ల అరుగుదల ధూళి బరువుతో పాటు పెరుగుతుంది. వీధి దాటుతున్న పసివానికి తగిలే వాహనం ఎన్ని కిలోలదో పొగగొట్టం ఉన్నదా లేదా అనే దానితో నిమిత్తం లేదు. ఈ బరువును చూడవలసిన ప్రభుత్వం కన్ను మూసుకొన్నది. 2024 ఏప్రిల్ 1 నుండి విద్యుత్కార్లపై విధించిన రహదారి రుసుము వేయి కిలోమీటర్లకు 76 డాలర్లు. మూడున్నర టన్నులకు లోబడిన ప్రతి విద్యుత్కారుకూ ఒకే రేటు. టన్నున్నర బరువు గల పాత నిస్సాన్ లీఫ్‌లో పనికి పోయే గృహస్థు ఎంత చెల్లిస్తాడో, రెండున్నర టన్నుల ఎలెట్రలో విహరించే శ్రీమంతుడూ అంతే చెల్లిస్తాడు.

పెట్రోలు పన్నులో ఒక గుణం ఉండేది. బరువైన బండి ఎక్కువ త్రాగుతుంది, ఎక్కువ చెల్లిస్తుంది. ఎవరూ తూచకుండానే పంపు దగ్గర తూకం జరిగిపోయేది. పెట్రోలు కార్లను కూడా క్రమంగా రహదారి రుసుము క్రిందికి తెస్తామని 2025 ఆగస్టులో ప్రభుత్వం ప్రకటించింది. రుసుము ఒకే రేటుగా మిగిలితే ఆ తూకం కాస్తా మాయమవుతుంది. భారవాహనాల రుసుమును బరువును బట్టే ఈ దేశం చిరకాలంగా నిర్ణయిస్తున్నది. అదే నియమం కార్లకూ వర్తింపజేయడం అసాధ్యమేమీ కాదు. టన్నుకు లోపు ఒక మెట్టు, టన్నున్నరకు ఒకటి, రెండు టన్నులకు ఒకటి, ఆపైన మరొకటి ఉంటే చాలును. మన సంఘంలో ఇంజనీర్లకు, లెక్కల మేష్టార్లకు కొదవ లేదు. ఈ విషయంపై పార్లమెంటు సంఘం ప్రజాభిప్రాయం అడిగినప్పుడు ఆ మెట్ల లెక్కను వేసి పంపవలసినది వారే.