ముట్టునొప్పి అంతా ఉదావర్తమేనా?

నెలనెలా కడుపు పట్టుకొని మెలికలు తిరిగే ఆడపిల్లకు మన ఇళ్ళలో దొరికే ఓదార్పు ఒక్కటే: "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది, ఒక కాన్పు అయితే పూర్తిగా పోతుంది." తల్లులు, అమ్మమ్మలే కాదు, వైద్యులలోనూ కొందరు ఈ మాటే చెబుతున్నారు. ఇది తగని మాట అని నా దృఢమైన అభిప్రాయం.

ఎండోమెట్రియోసిస్ అనే వ్యాధి పేరు ఇప్పుడిప్పుడే మన పాఠకుల చెవిన పడుతున్నది. గర్భాశయపు లోపొర ప్రతి మాసమూ పెరిగి, గర్భం నిలువనప్పుడు రక్తంతో కలిసి ఊడి వెలుపలికి పోతుంది. ఆ పొరను పోలిన కణజాలమే అండాశయాలపైన, గర్భాశయం వెనుక, పేగులపైన నాటుకొని పెరగడం ఈ వ్యాధి. సంతానయోగ్యమైన వయస్సులోని స్త్రీలలో ఇంచుమించు 10 శాతం మందికి ఇది ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

బహిష్టు రక్తంలో కొంత భాగం అండనాళాల గుండా వెనుకకు మళ్ళి పొత్తికడుపులో పడటమే ఇందుకు కారణమని అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ 1927లో ప్రతిపాదించాడు. ఈ సంగతి వినగానే మా వారిలో కొందరు ఉప్పొంగిపోతారు. వాయువు రజస్సును పైకి మళ్ళించడం వల్ల కలిగే ఉదావర్తినిని చరకుడు ఇరవై యోనివ్యాపత్తులలో ఒకటిగా ఏనాడో చెప్పాడు గదా, రెండూ ఒకటే అంటారు. శాస్త్రంపై గౌరవం ఉన్నవాడు అంత తొందరపడరాదు. ఉదావర్తినిలో రజస్సు వెలువడిన తక్షణమే సుఖం కలుగుతుందని ఆ గ్రంథమే చెబుతున్నది. ఎండోమెట్రియోసిస్‌లో నొప్పి తరచుగా స్రావానికి కొన్ని రోజుల ముందే మొదలై, స్రావం జరుగుతున్నా తగ్గక, ఒక్కొక్కరిలో ఆ తరువాత కూడా కొనసాగుతుంది. మలవిసర్జనలోను, దాంపత్యంలోను బాధ ఉంటుంది. నొప్పి ఎప్పుడు పుట్టింది, దేనితో శాంతించింది అని ముందుగా అడగమనే కదా గురుకులంలో మాకు నేర్పినది!

పైగా రక్తం వెనుకకు మళ్ళడం ఒక్కటే కారణం కాజాలదు. అండనాళాలు తెరచి ఉన్న స్త్రీలలో నూటికి 90 మందికి ఇది జరుగుతున్నదని 1984లోనే గమనించారు. వ్యాధి మాత్రం పదిమందిలో ఒకరికే. కనుక అక్కడ పడిన కణాలు ఎలా ప్రవర్తిస్తాయన్నదే అసలు ప్రశ్న.

అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ గర్భాశయపు పొరను పెంచుతుంది. ప్రొజెస్టరాన్ దానిని అదుపులో ఉంచుతుంది. దారి తప్పిన కణజాలం అండాశయం మీద మాత్రమే ఆధారపడదు. ఆరోమటేజ్ అనే ఎంజైము సాయంతో తన ఈస్ట్రోజెన్‌ను తానే తయారు చేసుకుంటుంది. ఆ ఈస్ట్రోజెన్ ప్రోస్టాగ్లాండిన్లను పెంచుతుంది. వాపునకు, నొప్పికి కారణమైన ఆ ప్రోస్టాగ్లాండిన్లు తిరిగి ఆరోమటేజ్‌ను ప్రేరేపిస్తాయి. ఇలా ఒకదానినొకటి ఎగదోసుకుంటాయి. ఆరోగ్యవంతమైన పొరలో ఈస్ట్రోజెన్ బలాన్ని తగ్గించే ఎంజైమును ప్రొజెస్టరాన్ పుట్టిస్తుంది. ఇక్కడ ఆ ప్రొజెస్టరాన్‌ను అందుకొనే గ్రాహకాలే కొరవడినందున దాని ఆజ్ఞ చెవిటివాని ముందు ఊదిన శంఖమే అవుతున్నది. చెత్తను ఊడ్చివేయవలసిన రక్షణకణాలు కూడా అక్కడ కొత్త రక్తనాళాలు, నాడీతంతువులు పెరగడానికి తోడ్పడతాయి. అందుచేతనే చిన్న మచ్చ ఉన్న స్త్రీ విలవిలలాడవచ్చు; అండాశయంలో పాత రక్తం గడ్డకట్టిన చాక్లెట్ సిస్ట్ ఉన్న స్త్రీకి నొప్పే తెలియకపోవచ్చు.

ఇక కాన్పు సంగతి. గర్భిణికి ఋతుస్రావం ఆగి, ప్రొజెస్టరాన్ అధికమై, చాలామందిలో బాధ ఉపశమిస్తుంది. బహిష్టు తిరిగి మొదలైనప్పుడు బాధా తిరిగి రావచ్చు. పైగా ఈ వ్యాధి ఉన్న పలువురికి గర్భం నిలవడమే కష్టం. అటువంటి పిల్లకు పెళ్ళినీ, కాన్పునూ మందుగా రాసి ఇచ్చి, ఆపైన గొడ్రాలు అనడం ఎంత అన్యాయం!

వేడినీటి కాపడం, పొత్తికడుపుపై గోరువెచ్చని నువ్వులనూనె మర్దన, శొంఠి కషాయం, చిమ్మిలి ఉండ – సామాన్యమైన ముట్టునొప్పికి ఇవి మంచివే, మానవద్దు. కానీ ఇవి ఆ కణజాలంలో తయారయ్యే ఈస్ట్రోజెన్‌ను ఆపలేవు. గడ్డలు కరిగిస్తామనే ప్రకటనలను నమ్మి నెలలు గడపవద్దు. ప్రతి నెలా బడి మానే పిల్లను, స్రావం ఆగినా నొప్పి ఆగని స్త్రీని, ఏడాదిగా గర్భం కోసం ఎదురుచూస్తున్న ఇల్లాలిని స్త్రీవైద్య నిపుణుల వద్దకు తీసుకొని వెళ్ళండి. స్కానింగ్‌లో ఏమీ కనబడలేదన్నంత మాత్రాన వ్యాధి లేదని కాదు; పైపొరపై ఉండే మచ్చలు అందులో చిక్కవు. హార్మోను మాత్రలు ఇస్తే భయపడకండి. అవి వ్యాధిని వేరుతో తీయవు. వాడినంతకాలం అణచి ఉంచుతాయి. నా వంటి వైద్యుని కషాయం కోసం వాటిని ఆపవద్దు, రెండూ వాడుతున్నట్లు ఇద్దరికీ చెప్పండి.

నొప్పి మొదలైన రోజు, స్రావం కనబడిన రోజు, నొప్పి తగ్గిన రోజు – ఈ మూడింటినీ మూడు నెలలపాటు గుర్తు పెట్టండి. పాల లెక్క రాసే క్యాలెండరే చాలు. వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు దానిని వెంట తీసుకొని వెళ్ళండి.