వేసవిలో పేస్ అడగొద్దు

ఆదివారం రాత్రి ఏడు దాటితే మా రన్నింగ్ గ్రూపులో ఫోన్ ఆగదు. ఆ వారం ఎవరెన్ని కిలోమీటర్లు పరిగెత్తారు, ఏ పేస్‌లో పరిగెత్తారు, లాంగ్ రన్ ఎంత, రేసుంటే టైమ్ ఎంత... అన్నీ ఒక షీట్‌లో ఎక్కించాలి. ఇరవై ముగ్గురం. ఒక బ్యాంకు ఆఫీసరు, ఇద్దరు స్టీల్ ప్లాంటు వాళ్లు, ఒక నర్సు అక్క, ఒక లెక్కల మాస్టారు, మిగిలినవాళ్లలో సగం సాఫ్ట్‌వేర్. మాలో ఒక్కరికీ పోడియం ఎక్కే ఆశ లేదు. ఫినిషర్ మెడల్ అందరికీ ఇస్తారు కాబట్టి అది లెక్కలోకి రాదు. అయినా ఆ షీట్ తెరిచేటప్పుడు ఇంటర్ రిజల్ట్స్ చూస్తున్నట్టే ఉంటుంది. పక్కవాడి మార్కులు ముందు చూస్తాం.

మే నెల మధ్యలో ఆ షీట్‌లోంచి ఒక కాలమ్ తీసేశాం. ఎందుకో చెప్పాలంటే ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి.

మాది విశాఖ. మా బీచ్ రోడ్డు ఫొటోలు చూసి బయటి ఊళ్ల రన్నర్లు కుళ్లుకుంటారు. పక్కనే సముద్రం, ఎదురుగా సూర్యోదయం, పొద్దున్నే బండ్ల గోల లేని రోడ్డు. ఫొటోలో పడనిది ఉక్కపోత. ఏసీ గదిలోంచి లేచి గుమ్మం దాటగానే కళ్లజోడు మీద ఆవిరి కమ్మేస్తుంది. రెండో కిలోమీటరుకి టీషర్ట్ పిండొచ్చు. ఆరోదానికి చెమట బూట్లలోకి దిగి అడుగడుక్కీ పచక్ పచక్‌మని చప్పుడు. హైదరాబాద్‌లో ఉండే మా పెద్దనాన్న కొడుకు మాత్రం "మాకు 42 డిగ్రీలు రా, మీరు 34కే ఏడుస్తారేంటి?" అంటాడు.

వాడికి నేను చెప్పే జవాబు ఒక్కటే. మీ ఇంట్లో ఎయిర్ కూలర్ పనిచేస్తుంది, మా ఇంట్లో పనిచేయదు. మన ఒళ్లూ ఒక కూలరే కదా!

చెమట పడితే ఒళ్లు చల్లబడుతుందనుకుంటాం. పడితే కాదు, ఆరితే. కుండలో నీళ్లు చల్లగా ఉండేది కుండ పైనున్న తడి ఆరడం వల్లే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. డెబ్భై కిలోల మనిషి పది కిలోమీటర్లు పరిగెత్తితే ఖర్చయ్యేది సుమారు 700. అందులో ముప్పావు వంతు కదలికగా కాదు, వేడిగానే తేలుతుంది. అంటే పది కిలోమీటర్లకి ఒక లీటరుకి కాస్త తక్కువ చెమట ఆరితే చాలు, లెక్క సరిపోతుంది. పొడిగాలిలో సరిపోతుంది కూడా. మా ఊళ్లో గాలే అప్పటికి తడిసి ముద్దయి ఉంటుంది. దానికి ఇంకో చుక్క పట్టదు. మోచేతి నుంచి నేల మీదకి కారిన చెమట ఒంటిని ఏమాత్రం చల్లబరచదు. నీళ్లూ పోయె, ఉప్పూ పోయె, వేడి మాత్రం లోపలే ఉండె.

ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు మనం తేమ శాతం చూసి ఊరుకుంటాం. దానికంటే డ్యూ పాయింట్ చూడటం మంచిది. తేమ శాతం పొద్దున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా కనిపించి మోసం చేస్తుంది. డ్యూ పాయింట్ రోజంతా పెద్దగా మారదు. 15 దగ్గర హాయి. 20 దాటితే తెలుస్తుంది. 24 దాటాక మీ పాత పేస్ మర్చిపోండి. మేలో మాకు 25 మామూలే.

ఇదంతా నాకు అప్పటికే తెలుసు. గ్రూపులో నలుగురికీ పాఠం చెప్పేవాణ్ని కూడా. అదే అసలు సిగ్గు.

మే రెండో ఆదివారం ఆరుగురం కాళీమాత గుడి దగ్గర నాలుగుంబావుకి బయల్దేరాం. ఫోన్‌లో 28 డిగ్రీలు, తేమ 85 శాతం. సాగర్ నగర్ దాకా వెళ్లి రావాలి, మొత్తం 18 కిలోమీటర్లు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి వెళ్లి హాఫ్ రెండు గంటల్లోపు ముగించాలని మా పట్టుదల. అంటే కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్లు. అందుకని లాంగ్ రన్ ఆరు నిమిషాల పేస్‌లో అనుకున్నాం. ఫిబ్రవరిలో ఇదే రోడ్డు మీద ఇదే పేస్‌లో సినిమా కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తాం మరి.

మాలో చిన్నవాడికి ఇరవై నాలుగేళ్లు. నన్ను అన్నా అంటాడు, నేను తమ్ముడూ అంటాను, ఇక్కడా అలాగే పిలుస్తాను. వాడికది మొదటి హాఫ్ ట్రైనింగ్. పేస్ పట్టుకునే బాధ్యత నాది.

ఏడో కిలోమీటరు దగ్గర వాడు మాట్లాడటం మానేశాడు. పదో కిలోమీటరులో "నీళ్లు కావాలా?" అంటే "ఊరికే అడక్కు అన్నా" అని విసుక్కున్నాడు. ఎప్పుడూ విసుక్కోని పిల్లాడు. సీరియస్‌గా తీసుకున్నాడులే అనుకుని లోపల మెచ్చుకున్నాను. నా వాచ్‌లో గుండె వేగం 172 చూపిస్తోంది. ఫిబ్రవరిలో ఇదే పేస్‌కి 150. వాచ్ పట్టీ తడిసి తప్పు చూపిస్తోందని తీర్మానించేశాను.

పన్నెండో కిలోమీటరు దగ్గర వాడు నెమ్మదించాడు. అప్పుడు నేనన్న మాట ఇది: "ఇంకో ఆరే రా! ఇక్కడ ఆగితే షీట్‌లో ఏం రాస్తావు?"

వాడు ఆగలేదు. ఇంకో మూడు నాలుగొందల మీటర్లు వచ్చాడు. తెన్నేటి పార్కు ఇంకా రాలేదు. 2020లో బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చి ఇరుక్కుపోయింది చూడండి, ఆ పార్కే. దానికి కాస్త ఇవతల, జోడుగుళ్లపాలెం దగ్గర, రోడ్డు మీద వంకరగా నడవడం మొదలుపెట్టాడు. "ఎక్కడికి వెళ్తున్నాం రా?" అని అడిగాను. "స్టేషన్‌కి" అన్నాడు. తర్వాత డివైడర్ మీద కూలబడ్డాడు.

ఒళ్లంతా తడి. చెమట ధారలు కడుతోంది. చెమట పడుతోంది కదా, వడదెబ్బ అయ్యుండదు, నీరసం అనుకున్నాను. చాలామంది అనుకునేదే. ఎండన పడి కదలకుండా ఉన్న ముసలివాళ్లకి ఒళ్లు పొడిబారవచ్చు. పరిగెత్తి వేడెక్కినవాడికి అలా కాదు, చెమట కారుతుండగానే లోపల నలభై డిగ్రీలు దాటిపోతుంది. చూడాల్సింది చర్మాన్ని కాదు, మాటని. తికమక, తూలడం, అకారణంగా విసుగు. మూడూ నా కళ్లముందే జరిగాయి.

పల్లె వైపు నుంచి ఒక చేపల అమ్మ ఆటోలో పెట్టెలు సర్దుకుంటోంది. వేట నిషేధం రోజులైనా తెప్పల మీద వెళ్లేవాళ్లు తెచ్చే కాసిని కవళ్లు ఉంటాయి. మమ్మల్ని చూసి అక్కడి నుంచే అరిచింది. "ఏటి బాబూ అలా సూత్తన్నారు? గుంటడు కాలిపోతన్నాడు! ముందు నీల్లు పొయ్యండి!" అంటూ థర్మోకోల్ పెట్టె లాక్కొచ్చి, ఐసూ నీళ్లూ కలిపి వాడి నెత్తిన కుమ్మరించేసింది.

అప్పుడు కదిలాం. నర్సు అక్క వాడి టీషర్ట్ లాగేసింది. మెడ చుట్టూ, చంకల్లో, తొడల మధ్య ఐసు ముక్కలు పెట్టించింది. ఇద్దరం తడి టీషర్ట్‌లతో విసురుతూనే ఉన్నాం. నేను బాటిల్ మూత తీసి వాడి నోటికి పెట్టబోతే చేతి మీద ఒక్కటి కొట్టింది. తెలివి సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మాస్టారు 108కి ఫోన్ చేశారు. ఆటోలో పడేసి తీసుకుపోదాం అని నేనంటే అక్క ఒప్పుకోలేదు. "ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. మొదటి అరగంటే వీడి ప్రాణం" అంది. మెడ దాకా ముంచడానికి ఐసు నీళ్ల తొట్టె ఉంటే అంతకంటే మంచిదట. మా దగ్గర ఉన్నది చేపల ఐసు.

అంబులెన్స్ వచ్చేసరికి వాడు నన్ను గుర్తుపట్టాడు. "అన్నా, ఏంటీ కంపు?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆసుపత్రికి చేరేసరికి కూడా ఒంట్లో 39 దాటి ఉంది. కిడ్నీలు చూశారు, లివర్ చూశారు, రెండ్రోజులు ఉంచారు. అంతా సరిగానే ఉందని పంపారు. వాళ్లమ్మగారు పలాస నుంచి రైల్లో వచ్చారు. కోప్పడతారేమోనని సిద్ధపడే వెళ్లాను. ఆవిడ కోప్పడలేదు. "పక్కనే ఉన్నారు కదా బాబూ మీరు" అన్నారు, అంతే. ఇది రాస్తుంటే కూడా ఆ మాట వినిపిస్తోంది.

ఆ ఆదివారం రాత్రి షీట్ ఎవరూ నింపలేదు. సోమవారం మాస్టారు పేస్ కాలమ్ తీసేశారు. ఎవరినీ అడగలేదు. ఆ చోట రెండు కొత్తవి పెట్టారు. ఒకటి, "మాట్లాడుతూ పరిగెత్తగలిగారా?" అవును, కాదు, అంతే జవాబు. రెండోది, రన్‌కి ముందు బరువు, తర్వాత బరువు.

ఈ రెండోది మీరూ చేసి చూడండి, కళ్లు తిరుగుతాయి. తడి బట్టలు విప్పేసి తూగాలి. గంటన్నర పరుగుకి ముందు నేను 71.2 కిలోలు, తర్వాత 69.4. మధ్యలో తాగింది 300 మిల్లీలీటర్లు. అంటే పోయింది రెండు లీటర్ల పైమాట. అలాగని అంతా నీళ్లతోనే నింపేయాలని పరుగెత్తుతూ గటగటా తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోతే మెదడుకి వాపు వస్తుంది. రన్ తర్వాత బరువు పెరిగిందంటే మీరు ఎక్కువ తాగారన్నమాట. దాహం వేసినప్పుడు తాగడం, తర్వాత ఉప్పేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్సో నెమ్మదిగా తీసుకోవడం మా పద్ధతి. మా అమ్మ తరవాణి పోస్తుంది. ఇరవై ఏళ్లు దాని వాసనకే పారిపోయినవాణ్ని, ఇప్పుడు రెండో గ్లాసు అడుగుతున్నాను.

ఉక్కకి ఒళ్లు అలవాటు పడుతుంది, కాదనను. రోజూ కొంచెం కొంచెం నెమ్మదిగా పరిగెత్తితే పది పద్నాలుగు రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందే మొదలవుతుంది, దాంట్లో ఉప్పు తగ్గుతుంది. కానీ అలవాటు పడ్డా గాలి మారదు కదా. జ్వరం తగ్గిన మర్నాడో, నిద్ర చాలని రోజో ఆ అలవాటూ కాపాడదు. తమ్ముడు ముందు రోజు రాత్రి షిఫ్ట్ చేసి వచ్చాడని నాకు తర్వాత తెలిసింది. అడిగితే చెప్పేవాడే.

మనబోటి వాళ్ల సంగతి వదిలేయండి. 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ మహిళల మారథాన్‌ని ఎండ తప్పించడానికి అర్ధరాత్రి పెట్టారు. ఎండ తప్పింది, ఉక్క తప్పలేదు. 68 మంది మొదలెడితే 40 మందే గీత దాటారు. గెలిచిన కెన్యా అమ్మాయి టైమ్ 2 గంటల 32 నిమిషాలు. అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో ఆమె 2 గంటల 17 నిమిషాల్లో పరిగెత్తింది. ప్రపంచ విజేత పావుగంట వదులుకుంది. నేను కిలోమీటరుకి నలభై సెకన్లు వదులుకోవడానికి నామోషీ పడ్డాను.

ఇప్పుడు నా లాంగ్ రన్ ఏడు నిమిషాల పేస్‌లో నడుస్తోంది. రుషికొండ వైపు చిన్న ఎత్తు వస్తే నడిచేస్తాను. పక్కనుంచి కాలేజీ కుర్రాళ్లు దాటిపోతుంటే గుచ్చుకుంటుంది, అబద్ధం ఎందుకు. హైదరాబాద్ రేసులో రెండు గంటల కల కూడా పక్కన పెట్టాను. ఆగస్టులో అక్కడ చల్లగా ఉంటుందనుకుంటాం గానీ వానల మధ్య తెల్లవారుజామున తేమ తక్కువేం ఉండదు, పైగా ఫ్లైఓవర్లు. పొద్దున లేచి డ్యూ పాయింట్ చూశాకే టైమ్ సంగతి.

చేపల అమ్మకి ఐసు డబ్బులిద్దామని వెళ్తే తీసుకోలేదు. కవళ్లు కొనిపించింది, కిలో తూచి పైన నాలుగు వేసింది. ఆ రోడ్డున వెళ్లిన ప్రతిసారీ "ఆ గుంటడేడీ?" అని అడిగేది.

డాక్టరు సరేనన్నాక పోయిన ఆదివారం వాడు వచ్చాడు. నాలుగు కిలోమీటర్లు, సగం నడక. నేను పక్కనే ఉండి వాడి చేత మాట్లాడిస్తూనే ఉన్నాను. ఆఫీసు, మేనేజరు, పెళ్లి సంబంధాలు, ఏది దొరికితే అది. చివరికి "అన్నా, నువ్వు కాసేపు ఊరుకుంటే పరిగెత్తుతాను" అన్నాడు. నేను ఊరుకోలేదు.

రాత్రి షీట్‌లో వాడి వరుస చూశాను. దూరం: 4. మాట్లాడగలిగారా: అవును, తప్పలేదు.