ఆటలోని ఊరు, భిలాయి ఊరు

మొన్న రాయపూరు వెళ్ళినప్పుడు మా మేనల్లుడు కంప్యూటరు తెర ముందు కూర్చుండి ఒక సామ్రాజ్యాన్ని ఏలుతున్నాడు. ఆ ఆట పేరు సివిలైజేషన్. సిడ్ మైయర్ పేరిట 1991లో మొదలైన ఈ ఆటకు 2001లో వచ్చిన మూడవ రూపమది. పొరుగు రాజ్యం నుండి గెలుచుకున్న పట్టణ మొకటి అతనిని కలవరపెడుతున్నది. అందలి పౌరులు ఏలిక మారినా తమ జాతీయతను చాలాకాలం విడువరు. పొరుగువారి సంస్కృతి బలీయమైనదైతే, కత్తి దూయకుండానే ఊరు ఊరంతా ఒకనాడు పాత ఏలిక వైపు తిరిగిపోతుంది.

"వీళ్ళను తగ్గించి మనవాళ్ళను నింపాలి, మామయ్యా" అన్నాడు. ఆట నియమాల ప్రకారం అది సరియైన ఎత్తే. అయితే ఆ మాట అన్నవాని తాతగారు భిలాయిలో ఉద్యోగానికై శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చినవారు!

రాయపూరుకు పడమట సుమారు 30 కిలోమీటర్ల దూరాన ఉన్నది భిలాయి. ఉక్కు కర్మాగారానికై 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. తెలుగువారు, మలయాళీలు, బెంగాలీలు, పంజాబీలు తరలివచ్చారు. సెక్టార్లలో చాలావాటికి అంకెలే పేర్లు. క్వార్టర్లు పంచినది హోదాను బట్టి, భాషను బట్టి కాదు. అందుచేత ఆవకాయ జాడీ పక్కగోడకు ఆవల ఆవనూనెలో చేపలు వేగేవి. ఆటలో గుడి అంటే ఒకే నమూనా. కట్టగానే సంస్కృతి అంకె పెరుగుతుంది. భిలాయిలోనో, బాలాజీ ఆలయం, కాళీబాడీ, అయ్యప్ప గుడి, గురుద్వారా ఎవరికి వారు నిలుపుకున్నవి. ఊరు మాత్రం ఎవరి వైపూ తిరిగిపోలేదు.

అట్లని అంతా సవ్యమని చెప్పుట కాదు. భూములిచ్చిన ఛత్తీస్‌గఢీ పల్లెల వారిలో అనేకులు టౌన్‌షిప్ అంచునే ఉండిపోయారు. ఇక్కడ ఏళ్ళ తరబడి పరిశోధించిన మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ, 2020లో వెలువడిన తన గ్రంథంలో, పర్మనెంటు ఉద్యోగికీ కాంట్రాక్టు కూలీకీ నడుమ ఏర్పడిన అగాధాన్నే ప్రధానంగా చూపాడు. ఆ కూలీల పక్షాన దల్లీ రాజహరా ఇనుప గనులలో సంఘం కట్టిన శంకర్ గుహా నియోగీ బెంగాలు నుండి వచ్చినవాడే. 1991 సెప్టెంబరు 28న ఆయన హత్యకు గురి అయ్యాడు. సంస్కృతుల వైవిధ్యాన్ని గూర్చి మాట్లాడేవారు ఈ రెండవ లెక్కను తరచు మరచిపోతారు. నేనూ మరచేవాడినే, పెద్దాయన ఆ సాయంత్రం నోరు విప్పకపోతే.

కళ్ళద్దాలు సవరించుకొని ఆయన తెర వంక చూచారు. "ఆ ఊళ్ళో అందరికీ పని ఉందిట్రా?"

"ఉంది తాతా. కొందరు పొలంలో, కొందరు గనిలో."

"పర్మనెంటా, కాంట్రాక్టా?"

కుర్రవాడు నవ్వి, ఆటలో అటువంటి లెక్క లేదన్నాడు.