కీబోర్డ్ కొంటున్నాం సరే, దాని కాళ్ల సంగతేంటి?

మా కాలేజ్ మ్యూజిక్ టీమ్ ఈ సెమిస్టర్‌లో 88 కీస్ డిజిటల్ పియానో కొనాలని చందాలు పోగు చేస్తోంది. మనిషికి ఐదొందలు. ఏ మోడల్ కొనాలని వాట్సాప్ గ్రూప్‌లో రెండు వారాలుగా యుద్ధం నడుస్తోంది. స్టాండ్ గురించి మాత్రం ఒక్కటే మెసేజ్ వచ్చింది: "మిగిలిన డబ్బుల్తో ఏదో ఒక ఎక్స్ స్టాండ్ తీసుకుందాం లే."

ఆ "ఏదో ఒక" అన్న మాట దగ్గరే నా గొడవంతా. మా క్లాస్‌లో కొందరు ఇచ్చే ఐదొందలు ఇంట్లో అమ్మ మిరపకోతకి వెళ్లి తెచ్చిన కూలి. ఆ డబ్బుతో కొన్న వస్తువు ఫ్రెషర్స్ డే నాడు స్టేజ్ మీద నుంచి కింద పడితే వారంటీ కూడా రాదు.

మన పల్నాడులో ఈ విషయం కొత్తదేం కాదు. పద్యనాటకాల్లో కాలితో తొక్కే హార్మోనియం చూసే ఉంటారు. దాని కాళ్లు, తొక్కుడు పలక, పెట్టె అన్నీ కలిపి ఒకే వస్తువు. స్టాండ్ విడిగా కొనాలన్న ఆలోచనే అక్కర్లేదు. ఇప్పుడు చాలా నాటకాల్లో, చర్చిల్లో, కోటప్పకొండ తిరునాళ్లకి కట్టే విద్యుత్ ప్రభల ముందు ఆర్కెస్ట్రాల్లో కీబోర్డే కనిపిస్తుంది. వాయిద్యం మారింది, కాళ్లు విడిపోయాయి. ఆ కాళ్లని మనం కవర్, అడాప్టర్ లాంటి చిల్లర సామాన్ల లిస్ట్‌లో వేసేశాం.

ముందు బరువు చూద్దాం. యమహా పీఎస్‌ఆర్-ఈ373 లాంటి 61 కీస్ కీబోర్డ్ 4.6 కిలోలు. దానికి మామూలు ఎక్స్ స్టాండ్ చాలు, నాకేం అభ్యంతరం లేదు. అదే యమహా పీ-45 అయితే 11.5 కిలోలు, రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్ 14.8 కిలోలు. పెద్ద ఆర్కెస్ట్రా వాళ్లు వాడే యమహా మాంటేజ్ 8 ఏకంగా 29 కిలోలు, అంటే బియ్యం బస్తా కంటే ఎక్కువ! కీస్ లోపల సుత్తుల మెకానిజం ఉంటుంది కాబట్టి ఈ బరువు తప్పదు.

"స్టాండ్ మీద 50 కిలోలు మోస్తుందని రాసుందిగా" అంటారు. మోయడం వేరు, ఊగకుండా నిలబడటం వేరు. ఆ 50 కిలోలు కదలకుండా మధ్యలో పెట్టిన బరువు లెక్క. మనం వాయించేది మధ్యలో మాత్రమే కాదు కదా.

చిన్న లెక్క చేద్దాం, ఇంటర్ ఫిజిక్స్ చాలు. పీ-45 పొడవు సుమారు 132 సెం.మీ. ఎక్స్ స్టాండ్‌ని ఎత్తు పెంచే కొద్దీ దాని చేతులు దగ్గరికొస్తాయి. వాటి మధ్య 40 సెం.మీ. ఉందనుకోండి. అటూ ఇటూ 46 సెం.మీ. చొప్పున కీబోర్డ్ గాల్లో ఉంటుంది. బరువు 11.5 కిలోలు, మధ్య నుంచి ఆధారానికి దూరం 20 సెం.మీ. 11.5ని 20తో గుణించి 46తో భాగిస్తే 5 వస్తుంది. అంటే చివర్న ఐదు కిలోల బరువు ఆనితే చాలు, రెండో వైపు లేస్తుంది. ఎవరో మాట్లాడుతూ చెయ్యి ఆనించినా అంత పడుతుంది. అదే చేతుల మధ్య 60 సెం.మీ. ఉంటే సుమారు 9.6 కిలోలు కావాలి. అంటే దాదాపు రెట్టింపు భద్రత, స్టాండ్ వెడల్పు మార్చినందుకే.

ఇంకో ఇబ్బంది మోకాళ్లది. కూర్చుని వాయించేవాళ్లకి ఎక్స్ మధ్యలో అడ్డొస్తుంది, పెడల్ దగ్గరికి కాలు సరిగ్గా పోదు.

అందుకే నా మాట: బరువైన కీబోర్డ్‌కి జెడ్ ఆకారం స్టాండో, నాలుగు కాళ్ల టేబుల్ స్టాండో కావాలి. ఆన్‌లైన్‌లో ఖరీదు ఎక్కువనిపిస్తే నరసరావుపేటలో వెల్డింగ్ షాపులు లేవా? ఇంచి చదరపు పైపు, 16 గేజ్, ఓ ఏడు మీటర్లు. మొత్తం ఎనిమిది కిలోల ఇనుము. వెనక వైపు ఒక ఏటవాలు పట్టీ మాత్రం తప్పకుండా వేయించాలి. నాలుగు పైపుల చట్రం పక్కకి తోస్తే వంగుతుంది, త్రికోణం వంగదు. కాళ్ల కింద మరతో తిరిగే రబ్బరు బుడిపెలు పెట్టిస్తే ఎగుడుదిగుడు చెక్క స్టేజ్ మీద కూడా సమంగా నిలుస్తుంది. కొలత ఎలాగంటే, స్టూల్ మీద కూర్చున్నప్పుడు కీస్ మన మోచేతి ఎత్తుకి రావాలి.

ఎక్స్ స్టాండ్ పక్షం వాళ్ల మాటలో కూడా నిజం ఉంది. అది మడిచి బైక్ మీద పెట్టుకుని పోవచ్చు. వారానికి మూడు ఊళ్లు తిరిగే కీబోర్డ్ ప్లేయర్‌కి అదే దిక్కు. అలాంటప్పుడు కనీసం డబుల్ పైపు ఉన్నది తీసుకోండి, వీలైనంత కిందకి దించి వాడండి, కీబోర్డ్‌ని బెల్ట్‌తో కట్టండి. కానీ మన పియానో ఎక్కడికి పోతుంది? మ్యూజిక్ రూమ్ నుంచి ఆడిటోరియం, అక్కణ్ణుంచి మళ్లీ రూమ్. ఏడాదికి నాలుగు సార్లు. దానికోసం రోజూ ఊగే స్టాండ్ మీద ప్రాక్టీస్ చేయాలా? వెల్డింగ్ స్టాండ్‌కి కూడా నట్లు పెట్టిస్తే విప్పి ఆటోలో వేసుకోవచ్చు.

కొనే ముందు షాపులో మూడు పనులు చేయండి. స్టాండ్‌ని మీకు కావాల్సిన ఎత్తులోనే బిగించి పక్కకి ఊపండి. కీబోర్డ్ పెట్టించి రెండు చివర్లా నొక్కి చూడండి. కూర్చుని మోకాళ్లు ఎక్కడ తగులుతున్నాయో చూసుకోండి. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇక మన టీమ్‌కి నా ప్రపోజల్: స్టాండ్ డబ్బులు ముందే పక్కన పెడదాం. మిగిలినదాంట్లో ఏ మోడల్ వస్తే అది కొందాం. ఒక మెట్టు తక్కువ మోడలైనా ఫర్వాలేదు, నిలబడి ఉంటే నాలుగేళ్ల తర్వాత జూనియర్లు కూడా దాని మీదే నేర్చుకుంటారు. శనివారం మీటింగ్‌లో ఇదే చెప్తాను. ఒప్పుకోని వాళ్లు పైన లెక్కలో తప్పు చూపించండి.