అద్దపు పలకయు నర్థజ్ఞానమును

ధర్మవరమున మగ్గముల చప్పుడింకను సద్దుమణగని యొక సాయంకాలమున మేమొక నేతగాని యింటి యరుగుపై కూర్చుండి యుంటిమి. ఇంతలో నాయన ఫోనునకు ఇంగ్లీషున నొక సందేశము వచ్చెను. ఏడవ తరగతి చదువుచున్న కూతును పిలిచి "ఇది చదువమ్మా" యనెను. బాలిక యెచ్చటను తడబడక గడగడ చదివెను. "ఏమని యున్నది తల్లీ?" యని తండ్రి యడిగెను. "ఈ పాఠము మా సారు చెప్పలేదు నాయనా" యని యామె బదులు చెప్పెను. బ్యాంకు ఖాతా నేటి రాత్రితో నిలిచిపోవుననియు, క్రింది లంకెను వెంటనే నొక్కవలయుననియు బెదిరించు మోసగాని వ్రాత యది. మేమచ్చట నుండబట్టి సొమ్ము దక్కెను. లేకున్న నేమి యగునో చదువరులే యూహింపవచ్చును.

"సారు చెప్పలేదు" అను మాట మాకు ములుకై నాటినది. ఆ సార్లలో మేమును ఒకరము. ఇరువది యేండ్లుగా మేము తరగతిలో చేయుచున్న దేమి? పాఠమును మేమే చదువుదుము. మేమే తెలుగున నర్థము చెప్పుదుము. ప్రశ్నలకు జవాబులను నల్లబల్లపై మేమే వ్రాయుదుము. పిల్లలు వానిని నకలు చేసికొని వల్లెవేయుదురు. ఇందు పిల్లవాడు చదివిన దెప్పుడు? తెలియని వాక్యము నొకదానిని ఒంటరిగా నెదుర్కొని పెనగులాడిన దెప్పుడు? నోటితో పలుకుటయే చదువైనచో చిలుకయు పండితుడే.

ఈ లోపమును యంత్రము తీర్చునని కొందరు నమ్మిరి. 2022 డిసెంబరు 21వ తేదీన మొదలిడి ప్రభుత్వమువారు సర్కారు బడులలోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకు నాలుగున్నర లక్షలకు పైగా ట్యాబులను పంచిరి. అందలి పాఠములు బైజూసు సంస్థవారివి. 2024 జూలైలో ఆ సంస్థయే దివాలా విచారణలో చిక్కుకొనెను. మేము ట్యాబులను నిందింపము. ధనికుని బిడ్డకు గల పనిముట్టు పేదవాని బిడ్డకును దొరకుట న్యాయమే. కాని పనిముట్టు నిచ్చి పనితనము నేర్పకుండుట యేపాటి న్యాయము? మగ్గమును కొనియిచ్చినంతనే ధర్మవరపు పట్టుచీర పుట్టునా? పడుగు సవరించుట, పేక నడుపుట, తెగిన పోగు నతుకుట ఒకరు చేయిపట్టి నేర్పవలదా?

లెక్కలను చూడుడు. అసర్ అను గ్రామీణ విద్యాసర్వే వారు 2023లో ఎంపికచేసిన జిల్లాలయందు 14 మొదలు 18 ఏండ్ల వయసు వారిని పరీక్షింపగా, నాలుగవ వంతు మంది తమ సొంత భాషలో రెండవ తరగతి పాఠమునైనను ధారాళముగా చదువలేకపోయిరి. ఇంగ్లీషు వాక్యములను చదువగలిగినవారు నూటికి 57 మంది. వారిలోనను సుమారు నాలుగవ వంతునకు అర్థము తెలియదు. 2024 సర్వేలో 14 మొదలు 16 ఏండ్ల వారిలో నూటికి 82 మందికి స్మార్టుఫోను వాడుట తెలియును. ఆ వారములో చదువుకొరకు వాడినవారు 57, సాంఘిక మాధ్యమములకు వాడినవారు 76. ఫోను నేర్పుటకు బడి యక్కరలేదు. అది బిడ్డలకు దానంతట వచ్చినది. రానిది చదువు.

ఇంతకును చదువుట యనగా నేమి? మన పూర్వులీ ప్రశ్నను చిన్నదిగా నెంచలేదు. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును కూడిననే పదములు వాక్యమై యర్థము నిచ్చునని శాస్త్రకారులు నిర్ణయించిరి. ఈ పదము ఏ పదము నపేక్షించుచున్నది? ఈ మాట లోకమున పొసగునా? ఏది దేనికి చేరువనున్నది? ఆరవ తరగతి బాలుడు ఇంగ్లీషు వాక్యమును వేయవలసిన ప్రశ్నలు నివియే. శబ్దము ప్రమాణమగుటకు అది ఆప్తుని మాట కావలెనని నైయాయికులు చెప్పిరి. విషయ మెరిగినవాడును, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పువాడును ఆప్తుడు. వాట్సాపు సందేశమును పరీక్షించుటకు ఇంతకు మించిన సూత్రము ఏ సీమనుండి తేవలయును? "ఇది వ్రాసిన దెవరు? వానికెట్లు తెలియును? నాచేత నేమి చేయింపగోరుచున్నాడు?" అని యడుగ నేర్చిన బాలిక తండ్రి సొమ్మును తానే కాపాడగలదు.

చదువుట సగమే, బదులు వ్రాయుట రెండవ సగము. వెనుకటి బడులలో లేఖారచన నేర్పుచుండిరి. పెద్దలకెట్లు వ్రాయవలెనో, అధికారికెట్లు వ్రాయవలెనో, ఊరు, తేదీ యెచ్చట నుంచవలెనో పిల్లలకు తెలిసియుండెను. నేడు ఈ-మెయిలును లేఖయే, ఫోనులోని సందేశమును లేఖయే; నేర్పువాడు మాత్రము లేడు. పెనుకొండ మండలము ఎఱ్ఱమంచి కడ 2019లో ఉత్పత్తి నారంభించిన కార్ల కర్మాగారమున పని కోరు యువకుడు నాలుగు వాక్యముల దరఖాస్తును తప్పులేక పంపలేకున్నచో వాని పట్టా యేమి కాపాడును? హిందూపురమున చింతపండు వర్తకునకు సరకు, తూకము, ధర స్పష్టముగా తెలిపి సందేశము పంపలేని రైతుబిడ్డకు ఎనిమిదేండ్ల చదువేమి యిచ్చినట్లు?

ఇందుకు రెండు పక్షములవారు మాపై లేతురు. "ఫోను ముట్టిన పిల్లలు చెడుదురు, బడిలో దాని పేరెత్తవలదు" అని యొకరు. అయ్యా, ఫోను మీ యింటనే యున్నది. బడి మౌనము వహించిన మాత్రాన నది మాయమగునా? "పిల్లలకు ఇంగ్లీషు మాటలాడుట వచ్చిన చాలును, తరగతిలో తెలుగు వినబడరాదు" అని మరియొకరు. హిందూపురపు వీథులలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును చెవిబడును. ఆ బిడ్డలకు వచ్చిన భాషల నోరు నొక్కి రాని భాషను నేర్పుట పునాది త్రవ్వివేసి గోడ లేపుట. 2020 మొదలు మన సర్కారు పాఠ్యపుస్తకములు ఒక ప్రక్క ఇంగ్లీషును, ఎదుటి ప్రక్క తెలుగును గలిగి వెలువడినవి. ఆ రెండు పుటలను సరిపోల్చి చదివించుటకన్న సులభసాధన మేది?

మేము కోరునది కోట్ల వ్యయము కాదు. ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు ప్రతిదినము పది నిమిషములు పిల్లలు తమంత తాము మౌనముగా నొక పుట చదువవలెను. అర్థమును తెలుగున నైనను చెప్పనిండు. వారమునకొక మారు ఒకే విషయమును ప్రధానోపాధ్యాయునకు, మేనత్తకు, వర్తకునకు మూడు విధములుగా వ్రాయవలెను. వారమునకొక మారు ఫోనులకు వచ్చిన సందేశము నొకదానిని బల్లపై వ్రాసి నిజానిజములు విచారింపవలెను. మోసము జరిగినచో వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలయునని ప్రతి బిడ్డకును తెలియవలెను. దీనికి ట్యాబున్న మంచిది. లేకున్న సుద్దముక్కయే చాలును.

గృహస్థులైన చదువరులకొక మనవి. 2023 సర్వేలోనే, స్మార్టుఫోను వాడ నేర్చిన బాలురలో నూటికి 44 మందికి సొంత ఫోను గలదు. బాలికలలో 20 మందికే. నాడు "ఆడుదానికి పలకయేల?" అనిన నోళ్లు నేడు "ఆడుపిల్లకు ఫోనేల?" అనుచున్నవి. కొడుకు చేతిలో ఆటవస్తువైనది కూతురి చేతిలో అపాయమెట్లయ్యెను? నేటి రాత్రియే మీ యింటికి వచ్చిన సందేశము నొకదానిని కూతునకిచ్చి, "చదువు" మనక "ఏమని యున్నది?" అని యడుగుడు. ఆమె చెప్పలేనిచో తప్పు ఆమెది కాదు, మాది. మరునాడు బడికి వచ్చి మమ్మడుగుడు. మీరడుగనంత కాలము మేము మారము.